గుంట గట్టు మీది కంప్యూటర్‌కు ఇంటి నుంచే తాళం తీయడం

మైపాడు దారిలో ఇందుకూరుపేట దాటాక మా బావకు ఎనిమిది ఎకరాల రొయ్యల గుంటలు ఉన్నాయి. గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డులో జనరేటరు, మేత బస్తాలు, గోడకు బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో అరచేతిలో పట్టేంత కంప్యూటర్, రాస్‌ప్‌బెర్రీ పై. నీటిలో వేలాడే సెన్సరు చెప్పే ఆక్సిజన్ లెక్కను అది ఐదు నిమిషాలకు ఒకసారి రాసుకుంటుంది. లెక్క పడిపోతే ఫోనుకు సందేశం పంపుతుంది. దాన్ని అక్కడ పెట్టింది నేను. అది మొరాయిస్తే మాటలు పడేదీ నేనే.

రొయ్యల గుంట సంగతి తెలియని వారికి ఒక్క మాట. పగలు ఎండకు నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడితే ఆ పని ఆగుతుంది కానీ ఊపిరి పీల్చడం ఎవరికీ ఆగదు, నాచుతో సహా. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కిందికి దిగుతోందంటే నీటికి గాలి అందించే ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో ఎవరైనా లేచి చూడాలి. సరిగ్గా ఆ వేళలోనే నా ప్రోగ్రాము ఎక్కడో చిక్కుకుని లెక్క రాయడం మానేసేది. మొదటి పంటలో మూడుసార్లు వేదాయపాళెం నుంచి బండి మీద చీకట్లో వెళ్లాను. పోను ఇరవై, రాను ఇరవై కిలోమీటర్లు. వెళ్లి చేసిన పనల్లా ఒక్క వరుస కొట్టి ప్రోగ్రామును మళ్లీ నడిపించడం. మూడోసారి అక్కయ్య టీ గ్లాసు చేతికిస్తూ, "ఇన్నేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నావు, ఈ ముక్క ఇంట్లో కూర్చుని చేయలేవా?" అంది.

చేయవచ్చు. దాని పేరు సెక్యూర్ షెల్. అందరూ ఎస్‌ఎస్‌హెచ్ అంటారు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి, దారిలో ఎవరికీ అర్థం కాని గుప్తభాషలో మాట్లాడుతూ ప్రవేశించే పద్ధతి అది. గుంట, మిల్లు, కాటా, బడి, ఎక్కడో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వరు, ఏదైనా సరే, మీ కళ్ల ముందు లేని యంత్రాన్ని మీరు చూసుకోవాల్సి ఉంటే ఇది మీ కోసం. కమాండ్లను ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలలో కొట్టాలి. పెద్ద అక్షరం అని నేను చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

రొట్టెల పండుగలో అడిగినట్టు

ఎస్‌ఎస్‌హెచ్‌కు ముందు టెల్నెట్ ఉండేది. దాని గురించి నెల్లూరు వాళ్లకు చెప్పడం తేలిక. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగినవారు ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గర ఉంది, పెళ్లి రొట్టె ఎవరి దగ్గర ఉంది అని గొంతెత్తి అడుగుతారు. ఇచ్చేవారికి వినపడాలంటే చెరువంతా వినపడాలి. పండుగకు అదే అందం. టెల్నెట్ మీ పాస్‌వర్డును సరిగ్గా అలాగే పంపేది. ఒక్కో అక్షరం ఉన్నది ఉన్నట్టుగా, దారిలో నిలబడ్డ ప్రతివారికీ వినపడేలా.

2006లో కోవూరు వైపు ఒక బియ్యం మిల్లు ఆఫీసులో ఈ పాఠం నేర్చుకున్నాను. ఆరు కంప్యూటర్లు, వాటిని కలుపుతూ పాత హబ్బు. హబ్బు స్వభావం ఏమిటంటే, ఒక కంప్యూటర్ పంపినది మిగిలిన అన్నిటికీ వెళుతుంది. లెక్కల సర్వరులోకి నేను టెల్నెట్‌తో వెళ్లి పని చేసుకుంటున్నాను. సెలవులకు వచ్చిన గుమాస్తాగారి అబ్బాయి, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, పక్క కంప్యూటర్ దగ్గర కూర్చుని ఉన్నాడు. కాసేపటికి, "అంకుల్, మీ పాస్‌వర్డు ఇదేనా?" అని తెర నా వైపు తిప్పాడు. మా అమ్మాయి పేరు, పక్కన పుట్టిన సంవత్సరం. సర్వరు యజమాని పాస్‌వర్డు అది. అబ్బాయి మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. ఆ సాయంత్రమే టెల్నెట్ తీసేశాను. అప్పటికే ఎస్‌ఎస్‌హెచ్ వచ్చి పదకొండేళ్లయింది, బద్ధకించినది నేనే.

1995లో ఫిన్లాండ్‌లో, హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్కులో ఎవరో ఇలాగే పొంచి ఉండి పాస్‌వర్డులు పోగుచేసుకున్నారు. అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ దానికి జవాబుగా ఎస్‌ఎస్‌హెచ్ రాశారు. కంప్యూటర్‌కు అంకెలు వేసిన తలుపులు ఉంటాయి, వాటిని పోర్టులంటారు. ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21వ పోర్టు, టెల్నెట్‌ది 23. మధ్యలో 22 ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నారు. ఈ రోజుకూ అదే. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం అందరికీ ఉచితంగా ఇచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌నే ఇప్పుడు లినక్స్ యంత్రాలలో, ఆపిల్ కంప్యూటర్లలో చూస్తాం. 2018 నుంచి విండోస్ 10లో కూడా అది చేరింది. కాబట్టి విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి ఎస్‌ఎస్‌హెచ్ అని కొడితే చాలు. విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కోసం వాడే పుట్టీ ప్రోగ్రామే కావాలనుకునే పాతకాపులు దాన్నే వాడుకోవచ్చు. నేనూ చాలాకాలం వాడాను.

గట్టు దిగే ముందు చేయాల్సిన పని

చాలామంది ఈ భాగాన్ని దాటేస్తారు. నా ఉద్దేశంలో అసలు భద్రతలో సగం ఇక్కడే ఉంది.

ముందు దూరపు యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు నడుస్తూ ఉండాలి. ఉబుంటు అనే లినక్స్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ సర్వర్ అనే ప్యాకేజీని, ప్యాకేజీలు పెట్టే ఆప్ట్ కమాండుతో పెట్టుకోవాలి. రాస్‌ప్‌బెర్రీ పైలో 2016 చివరి నుంచి ఇది మూసి ఉంచే ఇస్తున్నారు. అంతకుముందు తెరిచే ఉండేది. పై అనే యూజరు, రాస్‌ప్‌బెర్రీ అనే పాస్‌వర్డు లోకమంతటికీ తెలుసు కాబట్టి మూయక తప్పలేదు. మెమరీ కార్డు తయారు చేసేటప్పుడే సెట్టింగులలో ఎస్‌ఎస్‌హెచ్ తెరవమని చెప్పి, యూజరు పేరు మీకు నచ్చినది పెట్టుకోండి.

ఇప్పుడు ఆ యంత్రం ముందు కూర్చుని ఉండగానే దాని వేలిముద్ర రాసుకోండి. రేషన్ కొట్లో వేలిముద్ర వేసేది మనం. ఇక్కడ సర్వరు వేసి చూపిస్తుంది, తానే ఆ సర్వరునని. ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్ అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ ఎల్‌ఎఫ్ అని, మళ్లీ ఖాళీ వదిలి, ఈటీసీ ఫోల్డరులోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో ఈడీ25519 అన్న పేరుతో ఉండే పబ్లిక్ హోస్ట్ కీ ఫైలు దారి ఇవ్వండి. ఎస్‌హెచ్‌ఏ256 అని మొదలై, 43 అక్షరాలు, అంకెల గజిబిజి ఒకటి కనపడుతుంది. దాన్ని ఫోనులో ఫోటో తీసుకోండి. నేనైతే బావ మేత రిజిస్టరు వెనక అట్ట మీద బాల్‌పెన్నుతో రాశాను. "ఇదేమిటి, మంత్రమా?" అన్నాడు. అలాంటిదే అన్నాను.

ఎందుకంటే, ఇంటికి వచ్చి మొదటిసారి లాగిన్ అవుతున్నప్పుడు మీ కంప్యూటర్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ సర్వరు నాకు తెలియదు, దీని వేలిముద్ర ఇది, కొనసాగించమంటారా? పదిమందిలో తొమ్మిదిమంది చదవకుండా యస్ కొడతారు. సర్వరుకూ మీకూ మధ్య ఎవరైనా దొంగ సర్వరు పెట్టుకుని కూర్చుంటే అతను దొరికేది ఆ ఒక్క ప్రశ్న దగ్గరే. గుప్తభాషలో మాట్లాడటం గొప్పే, కానీ ఎవరితో మాట్లాడుతున్నారో తెలియకపోతే రహస్యాన్ని భద్రంగా తీసుకెళ్లి దొంగ చేతిలోనే పెట్టినట్టు. అట్ట మీద రాసినదీ తెర మీదిదీ ఒకటేనని చూసుకుని అప్పుడు యస్ కొట్టండి. అసలు యస్ బదులు ఆ వేలిముద్రనే అక్కడ అతికిస్తే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తానే పోల్చి చూసుకుంటుంది. కొత్త వెర్షన్లలో ఉన్న ఈ సౌకర్యం కంటికి చాలా సుఖం. ఒకసారి ఒప్పుకున్నాక మీ కంప్యూటర్ ఆ వేలిముద్రను గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు.

లాగిన్ కమాండు ఇంతే: ఎస్‌ఎస్‌హెచ్, ఖాళీ, యూజరు పేరు, @ గుర్తు, సర్వరు చిరునామా. పాస్‌వర్డు అడుగుతుంది, ఇస్తే లోపలికి వెళతారు. కొట్టేటప్పుడు తెర మీద చుక్కలు కూడా పడవు. కీబోర్డు పాడైందని నా దగ్గరికి ఇద్దరు వచ్చారు.

తాళం అక్కడ, తాళంచెవి ఇక్కడ

పాస్‌వర్డుతో లాగిన్ అయిన రోజునే దాన్ని మానే ఏర్పాటు చేసుకోవాలి. దారిలో ఎవరూ వినలేరు, నిజమే. కానీ తలుపు దగ్గర నిలబడి ఊహించే వారి మాట ఏమిటి? క్లౌడ్‌లో ఒక చిన్న సర్వరు తీసుకుని మొదటి రాత్రి దాని లాగ్ ఫైలు తెరిచి చూశాను. రూట్ (సర్వరు యజమాని), అడ్మిన్, టెస్ట్ అంటూ ముక్కూముఖం తెలియని చిరునామాల నుంచి నిమిషానికి ఒకరు తలుపు తడుతున్నారు. మనుషులు కారు, తోచిన పాస్‌వర్డునల్లా వేసి చూసే ప్రోగ్రాములు. మా అమ్మాయి పేరు, పుట్టిన సంవత్సరం లాంటివి వాటి జాబితాలో ముందు వరుసలో ఉంటాయి.

దీనికి విరుగుడు కీ జత. మీ కంప్యూటర్‌లో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకటి తాళం లాంటిది, ఎన్ని తలుపులకైనా వేసుకోవచ్చు, ఎవరు చూసినా నష్టం లేదు. రెండోది తాళంచెవి, అది మీ యంత్రం దాటి ఎక్కడికీ పోకూడదు. లాగిన్ అయ్యేటప్పుడు కూడా తాళంచెవి సర్వరుకు వెళ్లదు. దానితో మీ కంప్యూటర్ ఒక సంతకం చేసి పంపుతుంది, సర్వరు తన దగ్గరి తాళంతో ఆ సంతకాన్ని సరిచూస్తుంది. అంటే సర్వరును దోచుకున్నవాడికి కూడా మీ తాళంచెవి దొరకదు. పాస్‌వర్డుకు ఈ గుణం ఎప్పటికీ రాదు, అది ప్రతిసారీ అవతలి వాడి చేతికి వెళ్లి తీరాలి.

తయారీకి ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్, ఖాళీ, హైఫన్ టి, ఖాళీ, ఈడీ25519. పాత పుస్తకాలలో ఆర్‌ఎస్‌ఏ అని ఉంటుంది. 3072 బిట్లు, అంతకు మించి ఉంటే అదీ పనికొస్తుంది కానీ ఈడీ25519 కీ చిన్నది, ఒక్క వరుసలో ఇమిడిపోతుంది. డీఎస్‌ఏ అని చెప్పే పుస్తకాన్ని మాత్రం మూసేయండి, 2025లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ దాన్ని పూర్తిగా తీసేసింది. తయారు చేసేటప్పుడు పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. ఎంటర్ కొట్టి దాటేయకండి. అది సర్వరు పాస్‌వర్డు కాదు, తాళంచెవిని పెట్టుకునే పెట్టెకు తాళం. ల్యాప్‌టాప్ బస్సులో పోతే దొరికినవాడికి ఆ ఫైలు ఊరికే దొరకకుండా అడ్డుపడేది అదొక్కటే. నాలుగైదు తెలుగు మాటలు అర్థం లేకుండా కలిపి పెట్టుకోండి, మరిచిపోరు. రోజూ కొట్టడం విసుగనుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంటుకు పొద్దున ఒకసారి చెబితే సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుంటుంది.

తాళాన్ని సర్వరుకు పంపడానికి లినక్స్‌లో ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కాపీ హైఫన్ ఐడీ ఉంది. విండోస్‌లో అది లేదు. పబ్ అని ముగిసే ఫైలులోని వరుసను కాపీ చేసి, సర్వరులో మీ హోమ్ ఫోల్డరులోని చుక్క ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో ఆథరైజ్డ్ అండర్‌స్కోర్ కీస్ అనే ఫైలులో అతికించాలి. ఆ ఫోల్డరుకు అనుమతి 700, ఫైలుకు 600 ఉండాలి. హోమ్ ఫోల్డరులో కూడా మీరు తప్ప ఇతరులు రాయగలిగేలా ఉండకూడదు. అనుమతులు సడలుగా ఉంటే సర్వరు మీ తాళాన్ని మాటమాత్రం చెప్పకుండా పక్కన పెట్టి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. కారణం సర్వరు లాగ్‌లో మాత్రమే రాసుకుంటుంది. ఈ మౌనం వల్ల నాకు ఒక ఆదివారం మొత్తం పోయింది.

పాస్‌వర్డు తలుపు మూసేటప్పుడు

కీతో రెండు మూడుసార్లు లోపలికి వెళ్లి వచ్చాకే పాస్‌వర్డు మార్గం మూయండి. ఈటీసీలోని ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో ఎస్‌ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ ఫైలులో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ ఎదురుగా నో, కీబోర్డు ఇంటరాక్టివ్ ఆథెంటికేషన్ ఎదురుగా నో, పర్మిట్ రూట్ లాగిన్ ఎదురుగా నో. ఎస్‌ఎస్‌హెచ్‌డీ ప్రోగ్రామును (ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు అదే) యజమాని అధికారం ఇచ్చే సుడోతో, హైఫన్ చిన్న టి పెట్టి నడిపితే ఫైలులో రాత తప్పులుంటే చెబుతుంది. తప్పులేమీ లేకపోతే సర్వీసును తిరిగి మొదలుపెట్టండి.

అసలు జాగ్రత్త ఇప్పుడు చెబుతున్నాను: లోపల ఉన్న కిటికీని మూయకండి. సర్వీసు తిరిగి మొదలైనా అప్పటికే తెరిచి ఉన్న లాగిన్ తెగదు. దాన్ని అలాగే ఉంచి, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూడండి. అయితే సరే. కాకపోతే పాత కిటికీలోంచి తప్పు దిద్దుకోవచ్చు. నేను ఈ నియమం పాటించని రోజున వాయుగుండం వానలో బండి తీసి మైపాడు దారి పట్టాను. లోపలికి పోయే దారులన్నీ నేనే శుభ్రంగా మూసి, బయట నిలబడ్డాను. బావ ఆ సంగతి పెళ్లిళ్లలో ఇప్పటికీ చెబుతాడు.

అద్దె సర్వర్లలో మరో మెలిక ఉంది. మీరు నో అని రాసినా పాస్‌వర్డు అడుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ అండర్‌స్కోర్ కాన్ఫిగ్ చుక్క డి అనే ఫోల్డరులో సర్వరు ఇచ్చినవారు పెట్టిన చిన్న ఫైలు ఒకటి యస్ అని చెబుతూ ఉంటుంది. ఉబుంటులో ఆ ఫోల్డరును ముందు చదువుతారు, ఒకే విషయం రెండు చోట్ల ఉంటే మొదట కనపడ్డదే చెల్లుతుంది. ఆ చిన్న ఫైలులో మార్చాలి. నిజంగా ఏది అమలులో ఉందో తెలుసుకోవాలంటే ఇదే ఎస్‌ఎస్‌హెచ్‌డీని హైఫన్ పెద్ద అక్షరం టితో నడిపితే మొత్తం జాబితా చదివి వినిపిస్తుంది. మీరు రాసింది కాక, అది నమ్మినది.

22వ పోర్టును మార్చమని చాలామంది సలహా ఇస్తారు. మార్చితే లాగ్‌లో చెత్త తగ్గుతుంది. అంతకు మించి ఒరిగేది తక్కువ, వెతికేవాడికి మిగిలిన పోర్టులూ కనపడతాయి. నేను మార్చలేదు.

సిమ్ కార్డు వెనక ఉన్న యంత్రం

ఇప్పటిదాకా చెప్పినది సర్వరుకు సొంత చిరునామా ఉంటే సరిపోతుంది. గట్టు మీద ఉన్నది సిమ్ వేసిన రూటరు. మొబైల్ కంపెనీలు చాలామందికి కలిపి ఒకే బయటి చిరునామా ఇస్తాయి. కాబట్టి లోపలి నుంచి బయటికి వెళ్లవచ్చు కానీ బయటి నుంచి లోపలికి పిలవడానికి వీలులేదు. ఇది తెలియక రూటరులో పోర్టులు తెరుస్తూ వారం గడిపాను.

మార్గం ఏమిటంటే గుంట కంప్యూటరే బయటికి వచ్చి చేయి అందించాలి. చవక క్లౌడ్ సర్వరు ఒకటి తీసుకుని, గుంట కంప్యూటర్ దానికి ఎస్‌ఎస్‌హెచ్‌తో కలిసేలా, హైఫన్ పెద్ద ఎన్, తరవాత హైఫన్ పెద్ద ఆర్ పెట్టి 2222:లోకల్‌హోస్ట్:22 అని ఇచ్చాను. లోకల్‌హోస్ట్ అంటే తానున్న యంత్రమే. అర్థం: క్లౌడ్ సర్వరులో 2222 పోర్టుకు వచ్చినదాన్ని నా 22కు తీసుకురా. ఈ 2222 మామూలుగా క్లౌడ్ సర్వరుకు లోపలే తెరుచుకుంటుంది, బయటివారికి కనపడదు. అలాగే ఉంచండి. ఇంటి నుంచి వెళ్లేటప్పుడు హైఫన్ పెద్ద జె పెట్టి ముందు క్లౌడ్ సర్వరుకు, అక్కడి నుంచి లోకల్‌హోస్ట్ 2222కు వెళతాను. మాటలు నా ల్యాప్‌టాప్‌కూ గుంట కంప్యూటర్‌కూ మధ్యే గుప్తంగా ఉంటాయి, మధ్యలో ఉన్న క్లౌడ్ సర్వరు మోసుకెళ్లడమే తప్ప చదవలేదు. వీధిలో రొయ్యల లారీ డ్రైవరుకు సీలు వేసిన పెట్టె ఇచ్చినట్టు.

గొట్టంలా వేసిన ఈ దారి తెగిపోతూ ఉంటుంది, మైపాడు వైపు సిగ్నలు అలాంటిది. అందుకని లినక్స్‌లో ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీకి సర్వీసుగా అప్పగించి, తెగితే పది సెకన్లకు మళ్లీ కట్టమని చెప్పాను. సర్వర్ అలైవ్ ఇంటర్వెల్ 30 పెట్టాలి. లేకపోతే గొట్టం చచ్చినా బతికే ఉన్నాననుకుంటుంది. ఎగ్జిట్ ఆన్ ఫార్వర్డ్ ఫెయిల్యూర్ ఎదురుగా యస్ పెట్టాలి. లేకపోతే 2222 దొరకకపోయినా ఊరికే కలిసి కూర్చుంటుంది. యంత్రం తానే లేచి కలవాలి కాబట్టి ఈ ఒక్క కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టలేం. షెడ్డులో డబ్బా ఎవరైనా ఎత్తుకుపోతే ఆ కీ కూడా పోతుంది. అందుకే క్లౌడ్ సర్వరులో దానికి వేరే యూజరును పెట్టి, కమాండ్లు కొట్టే షెల్లు బదులు నోలాగిన్ ఇచ్చి, ఆథరైజ్డ్ కీస్ వరుస మొదట పర్మిట్ లిజన్ అని రాసి 2222 తప్ప మరే పోర్టూ తెరవకుండా కట్టేశాను. దొంగకు షెల్లు దక్కదు.

ఇంత పొడవు కమాండు నిద్రమత్తులో ఎవరు కొడతారు? మీ కంప్యూటర్‌లోని చుక్క ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డరులో కాన్ఫిగ్ అనే ఫైలు పెట్టి, హోస్ట్ ఎదురుగా గుంట అని ముద్దుపేరు రాసి, కింద చిరునామా, యూజరు, పోర్టు, మధ్య మజిలీ రాసుకోండి. ఆ తరవాత ఎస్‌ఎస్‌హెచ్ గుంట అంటే చాలు. రెండు మూడు గుంటలు ఇలా పెట్టుకున్నవారు హోస్ట్ కీ ఏలియస్ (వేలిముద్రకు మారుపేరు) కూడా ఒక్కోదానికి వేరుగా ఇస్తే మంచిది. అన్నీ లోకల్‌హోస్టే కాబట్టి ఏ వేలిముద్ర ఏ గుంటదో ఆ పేరు చూసి తెలుస్తుంది.

దొరికిన సుఖం

అక్షరాలు తప్ప మరేమీ ప్రయాణించవు కాబట్టి సిగ్నలు ఒక గీత ఉన్నా పని జరుగుతుంది. తెర మొత్తం బొమ్మగా పంపే పద్ధతులు ఆ ఒక గీత మీద నత్తలా నడుస్తాయి. లోపలికి వెళ్లగానే టీమక్స్ అనే ప్రోగ్రాము తెరవడం అలవాటు చేసుకోండి. సిగ్నలు తెగినా లోపలి పని ఆగదు, మళ్లీ కలిసి టీమక్స్ అటాచ్ అంటే వదిలిన చోటే ఉంటారు. టీమక్స్ లేకుండా సగం అప్‌డేట్‌లో తెగిపోతే ఏమవుతుందో చెప్పను, ఒకసారి అయితే మీకే తెలుస్తుంది.

లెక్కల ఫైలును ఎస్‌సీపీతో ఇంటికి తెచ్చుకుంటాను, రాత్రి నకలును ఆర్‌సింక్ ఇదే గుప్త మార్గంలో తీసుకెళుతుంది. స్టోన్‌హౌస్‌పేటలో ఒక బియ్యం వ్యాపారి లెక్కల డేటాబేస్‌ను ఇంటర్నెట్‌కు తెరవకుండానే హైఫన్ పెద్ద ఎల్‌తో ఆయన ఇంటి ల్యాప్‌టాప్‌కు తెచ్చి ఇచ్చాను. ఆయనకు అది పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారి తెగినప్పుడు, అవతలి ఒడ్డున కోవూరులోని మిల్లు సర్వరుకు కరెంటు రాగానే ఇవతల వేదాయపాళెంలో కూర్చుని డిస్కు సరిచేశాను. ఆ వేళ కారున్నవాడు కూడా అటు పోలేకపోయాడు.

మనిషికి ఒక కీ చొప్పున ఇవ్వండి, అందరికీ కలిపి ఒకటి వద్దు. బావ దగ్గర పనిచేసిన టెక్నీషియన్ కుర్రవాడు వేరే ఉద్యోగానికి వెళ్లిన రోజున ఆథరైజ్డ్ కీస్‌లో అతని వరుస ఒక్కటి చెరిపాను. ఎవరి పాస్‌వర్డూ మార్చలేదు, ఎవరినీ అనుమానించినట్టు కాలేదు. ఒక్కో వరుస చివర పేరు రాసే చోటు ఉంటుంది, అక్కడ ఎవరిదో రాసుకుంటేనే ఇది కుదురుతుంది.

ఎస్‌ఎస్‌హెచ్ దారిని మాత్రమే కాపాడుతుంది. రెండు కొసలలో ఉన్న యంత్రాలు పాడైతే అది చేయగలిగేది లేదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో ఓపికగా దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. అప్పట్లో కొన్ని లినక్స్‌లలో ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు పరోక్షంగా ఆ లైబ్రరీని వాడుకునేది, గురి అదే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన లాగిన్లు దాదాపు అర సెకను ఆలస్యం అవుతున్నాయని గమనించి తవ్వితే అది దొరికింది. అర సెకను! మన దగ్గర సిగ్నలుకు అది లెక్కలోకే రాదు. కాబట్టి గట్టు మీది యంత్రాన్ని నెలకోసారైనా అప్‌డేట్ చేయండి, టీమక్స్‌లో.

పోయిన పంటలో ఉప్పుగాలికి మెమరీ కార్డు పోయింది. కొత్త కార్డు వేసి వచ్చాక ఇంటి నుంచి ఎస్‌ఎస్‌హెచ్ గుంట అంటే తెర నిండా హెచ్చరిక: సర్వరు వేలిముద్ర మారింది, ఎవరో మోసం చేస్తూ ఉండవచ్చు, లోపలికి పోనివ్వను. ఇలాంటప్పుడు కోపంతో, వేలిముద్రలన్నీ దాచుకునే నోన్ హోస్ట్స్ ఫైలు మొత్తం చెరిపేసేవారిని చూశాను. కారణం నాకు తెలుసు, కొత్త కార్డుతో కొత్త కీ పుట్టింది. అయినా బావకు ఫోను చేసి, షెడ్డులో తెర పెట్టి నేను చెప్పిన వరుస కొట్టించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో అక్షరం చదివాడు, పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అని నేను ప్రతిదానికీ అడిగాను. అన్నీ కలిశాక ఇంట్లో ఎస్‌ఎస్‌హెచ్ హైఫన్ కీజెన్, హైఫన్ పెద్ద ఆర్, గుంట ఏలియస్ పేరు ఇచ్చి ఆ ఒక్క వేలిముద్రను తీసేసి, కొత్తదాన్ని ఒప్పుకున్నాను. బావ మేత రిజిస్టరు అట్ట మీద పాత వరుసను కొట్టేసి, కింద కొత్తది రాసి, తేదీ వేశాడు.